మన గురించి రాసే కలం ఎవరి చేతిలో ఉంది?

(రావులపాలెంలో దళిత కార్యకర్తలకు జరిగిన శిక్షణ తరగతుల్లో ఒక ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరును చాలావరకు అలాగే ఉంచాం.)



నాకిచ్చిన విషయం "విధాన పరిశోధన సంస్థలు – దళితులు". మాట పెద్దది గాని సంగతి మనందరికీ తెలిసిందే. ఎవరో ఇద్దరు బ్యాగులు తగిలించుకుని మన వీధిలోకొస్తారు. ఎంత మంది, ఎంత కూలి, ఎంత అప్పు అని రాసుకుంటారు. సంతకమో వేలిముద్రో పెట్టించుకుంటారు. వెళ్లిపోతారు. ఆ కాగితం ఎటు పోయింది, దాన్ని ఎవరు చదివారు, దాని వల్ల మనకి ఏం వచ్చింది, ఏం పోయింది? ఇది మాట్లాడుకోవడానికే నన్ను పిలిచారు.

నేను బడిలో పంతులమ్మని. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషిని. మా అమ్మ ఊడ్పులకి, కోతలకి వెళ్లిన మనిషి. ఎమ్మే అయ్యాక, టీచరు ఉద్యోగం రాకముందు, 2004 నుంచి రెండేళ్లు హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో పనిచేశాను. దాని పేరు చెప్పను. పేరు చెబితే మనం ఆ ఒక్క సంస్థ మంచిచెడ్డల దగ్గరే ఆగిపోతాం. నేను చెప్పేది పద్ధతి గురించి.

ఆలోచనల ట్యాంకు

ఇలాంటి సంస్థల్ని థింక్ ట్యాంకులంటారు. ఆలోచనల ట్యాంకు అన్నమాట. మనకి ట్యాంకంటే మంచినీళ్ల ట్యాంకే. అది ఎక్కడ కడతారండీ? ఊరి నడుమ. గొట్టాలు ఎటు పోతాయి? ముందు ఊరికి, ఆఖర్న పేటకి. పేట కొళాయి దగ్గరికి వచ్చేసరికి ధార సన్నబడిపోతుంది. ఈ ట్యాంకు సంగతీ దాదాపు ఇంతే. తేడా ఒక్కటే. ఇందులోకి నీళ్లు మాత్రం మన పేట నుంచే తోడుకెళతారు.

ప్రభుత్వం ఒక పథకం పెట్టాలన్నా, తీసెయ్యాలన్నా, దాని వెనకాల ఏదో ఒక రిపోర్టు పెట్టుకుంటుంది. ఆ రిపోర్టులు రాసేవే ఈ సంస్థలు. హైదరాబాదులో 1956 నుంచి అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఉంది. రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఉంది. బేగంపేటలో 1980లో మొదలైన సెస్, అంటే ఆర్థిక సామాజిక అధ్యయనాల కేంద్రం ఉంది. 2007లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ మానవాభివృద్ధి నివేదిక అక్కడే తయారైంది. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో వ్యవసాయ ఆర్థిక పరిశోధన కేంద్రం ఉంది. ఇవి కాక విదేశీ నిధులతో నడిచేవి ఉన్నాయి, ఫీజు తీసుకుని రిపోర్టు రాసిచ్చే కన్సల్టెన్సీ కంపెనీలు ఉన్నాయి. ఢిల్లీలో ప్రణాళికా సంఘం పోయి 2015 జనవరి 1న నీతి ఆయోగ్ వచ్చింది. అది ప్రభుత్వ థింక్ ట్యాంకునని తానే చెప్పుకుంటుంది.

ఇవన్నీ చెడ్డవని నేను అనటం లేదు. నాకు శాంపిలు తియ్యడం, పట్టికలు వెయ్యడం ఓపిగ్గా నేర్పిన పెద్దలు ఆ ఆఫీసులోనే ఉన్నారు. లైబ్రరీలో కూచుంటే పొద్దెక్కిందో దిగిందో తెలిసేది కాదు. కానీ ఆ మెట్ల మీద ఎవరు ఎక్కడ నిలబడి ఉన్నారో చూడాలి.

మెట్ల వరస

పని ఎలా మొదలవుతుందో వినండి. ముందు డబ్బిచ్చేవాళ్లు ఒక కాగితం పంపుతారు. ఏ విషయం తెలుసుకోవాలి, ఎన్ని నెలల్లో, ఎంత ఖర్చుకి అని అందులో ఉంటుంది. అంటే ప్రశ్న పుట్టింది డబ్బున్న చోట. తర్వాత ప్రొఫెసర్లు ప్రశ్నావళి తయారుచేస్తారు, ఊళ్లు ఎంచుతారు. ఆ తర్వాత మాలాంటివాళ్లం, ఫీల్డు ఇన్వెస్టిగేటర్లం, బస్సెక్కి ఊళ్లకి పోతాం. తెచ్చిన కాగితాలు కంప్యూటర్లోకి ఎక్కుతాయి. పట్టికలొస్తాయి. చిత్తు ప్రతి రాస్తారు. డబ్బిచ్చినవాళ్లు దాన్ని చదివి మార్పులు చెబుతారు. ఆఖర్న పెద్ద హోటల్లోనో సమావేశ మందిరంలోనో వర్క్‌షాపు పెట్టి విడుదల చేస్తారు. రెండొందల పేజీల రిపోర్టులో ఆఫీసరు చదివేది మొదటి రెండు మూడు పేజీల సారాంశం. దాన్ని బట్టే ఫైలు కదులుతుంది.

మనవాళ్లు ఏ మెట్టు మీద ఉన్నారు? నేను చూసినంతలో, ఫీల్డు పనిలో ఉన్నాం, జీపు నడిపేచోట ఉన్నాం, టీ ఇచ్చేచోట ఉన్నాం. ప్రశ్నావళి రాసే గదిలో లేం. సారాంశం రాసే బల్ల దగ్గర లేం. మా ఉద్యోగం ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే. ప్రాజెక్టు అయిపోతే ఉద్యోగం అయిపోయినట్టే. కూలి పనికి సీజన్ ఉన్నట్టే దీనికీ ఉంది, చదువుకున్న కూలి అంతే. రిపోర్టు అచ్చయ్యాక చూసుకుంటే మా పేర్లు లేవు. కృతజ్ఞతల పేజీలో "క్షేత్ర సిబ్బంది" అని ఒక్క మాట ఉంది. మేం ఎనిమిదిమందిమి అందులో ఇమిడిపోయాం.

చేరిన మొదటి వారంలో "మీ ఇంటిపేరేంటి, మీదేవూరు, ఊళ్లో ఎటువైపు" అని అడిగారు. అడగడం మర్యాదగానే అడిగారు. ఊళ్లో ఎటువైపు అంటే ఏం అడుగుతున్నారో మీకు నేను చెప్పక్కర్లేదు. మీటింగులన్నీ ఇంగ్లీషులో జరిగేవి. ఊరు తెలిసినవాళ్లకి ఇంగ్లీషు సరిగా రాదు, ఇంగ్లీషు వచ్చినవాళ్లకి ఊరు సరిగా తెలీదు. మాట్లాడేది మాత్రం రెండోవాళ్లే.

మాటలు కూడా ఒక్కో మెట్టెక్కినప్పుడల్లా మెత్తబడతాయి. నేను కాగితంలో "టీ కొట్టులో మాకు గ్లాసు వేరే పెడతారు" అని ఒక ముసలమ్మ చెప్పినట్టే రాశాను. చిత్తు ప్రతిలో అది "అంటరానితనం" అయింది. రెండో ప్రతిలో "సామాజిక వివక్ష" అయింది. అచ్చులో "కొన్ని సామాజిక అవరోధాలు" అయింది. ఆ ముసలమ్మ గ్లాసు ఎక్కడికి పోయిందండీ? ఎవరూ అబద్ధం రాయలేదు. అయినా నిజం మిగల్లేదు.

ప్రశ్నలో లేనివాళ్లు జవాబులో ఉండరు

అసలు సంగతి ఇక్కడుంది, కార్యకర్తలు జాగ్రత్తగా వినాలి.

మొదటిది కౌలు. మన డెల్టాలో సాగు ఎవరు చేస్తున్నారు? చాలా ఊళ్లలో కామందు రాజమండ్రిలోనో హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటాడు. చేలో దిగేది కౌలుదారు. కౌలు నోటిమాట మీదే నడుస్తుంది, కాగితం ఉండదు. సర్వే మనిషి ఊళ్లోకి రాగానే మొదట ఎక్కడికి పోతాడు? పెద్దరైతు అరుగు మీదికి. అక్కడ కుర్చీ వేస్తారు, బొండాం కొట్టిస్తారు. "ఫలానా వాణ్ణి పిలవండి" అంటే మనవాడు వచ్చి కండువా చేత్తో పట్టుకుని నిలబడతాడు. "కౌలుకి చేస్తున్నావా?" అని అడిగితే, భూమి యజమాని ఎదురుగా కూచుని ఉండగా ఏం చెబుతాడు? "లేదండి, పనికెళతన్నానండి" అంటాడు. చెబితే వచ్చే సార్వాకి చేను ఉండదు. ఆ ఒక్క మాటతో అతను రైతు పట్టికలోంచి కూలీ పట్టికలోకి పడిపోతాడు. 2011లో కౌలుదారులకి గుర్తింపు కార్డుల చట్టం వచ్చింది. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది, దానికి భూయజమాని ఒప్పుదల కావాలన్నారు. చట్టం రాసిన బల్ల దగ్గర ఆ అరుగు సంగతి తెలిసిన మనిషి ఒక్కరున్నా ఆ షరతు పెట్టేవారా?

రెండోది "రైతు" అనే మాట. 2003లో కేంద్ర ప్రభుత్వ శాంపిలు సర్వే దేశంలోని రైతు కుటుంబాల పరిస్థితి చూసింది. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 82 రైతు కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయని చెప్పింది. దేశంలో అదే ఎక్కువ. ఆ అంకె పత్రికలన్నింటిలో వచ్చింది, రుణమాఫీల మీద మాట్లాడిన ప్రతి నాయకుడూ ఆ బాధ గురించి మాట్లాడాడు. రైతుల అప్పు నిజమే, బాధ నిజమే, కాదనను. కానీ ఆ సర్వేలో రైతు అంటే ఎవరు? సొంతమో కౌలో ఎంతో కొంత భూమి చేతిలో ఉండి సాగు చేసేవాడు. సెంటు భూమి లేకుండా కూలికే పోయే కుటుంబం ఆ లెక్కలోకి రాదు. మన పేటలో సగం ఇళ్లకి ఆ సర్వేలో తలుపే లేదు. వాళ్ల అప్పు లేనట్టు కాదు గదా! అడగలేదు అంతే. ఇక బ్యాంకు రుణమాఫీ ఎవరికి? బ్యాంకు ముందు గడప తొక్కనిచ్చినవాడికి.

మూడోది మన కోనసీమ సంగతి. ఈ చుట్టుపక్కల పేటల్లోంచి ఎంతమంది ఆడవాళ్లు కువైట్, మస్కట్, దుబాయి ఇళ్లల్లో పనికి పోయారో మీకు తెలుసు. ఇక్కడ కూచున్న పిల్లల్లో అమ్మమ్మ దగ్గర పెరిగినవాళ్లున్నారు. సర్వే కాగితంలో కుటుంబం అంటే, మామూలుగా ఆ ఇంట్లో ఉండి, ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్లు. మూడేళ్లుగా కువైట్‌లో వేరేవాళ్ల పొయ్యి మీద వండుతున్న తల్లి ఈ ఇంటి మనిషి కాదని కాగితం అంటుంది! ఆవిడ పంపే డబ్బుతో ఇల్లు నడుస్తుంది, పిల్ల ఫీజు కడుతుంది, అప్పు తీరుతుంది. ఆవిడ మాత్రం లెక్కలో లేదు. ఏ ఇంటి పనికి పోయింది, పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంది, జీతం ఎన్ని నెలలకోసారి వస్తుంది అనే గడులు నేను మోసిన ఏ కాగితంలోనూ లేవు. నేను కాగితం అంచున పెన్సిల్‌తో రాసుకొచ్చేదాన్ని. కంప్యూటర్లో ఎక్కించే అబ్బాయి "అక్కా, అంచున రాసినవి ఎక్కడ కొట్టను?" అనేవాడు. కొట్టడానికి చోటే లేదు.

నాలుగోది మతం గడి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితుడు షెడ్యూల్డు కులం కాదు, మన రాష్ట్రంలో బి.సి. – సి. సిక్కులకి 1956లో, బౌద్ధులకి 1990లో ఆ అడ్డు తీసేశారు, క్రైస్తవులకీ ముస్లిములకీ తియ్యలేదు. కాబట్టి సర్వే మనిషి "మతం?" అనగానే మన ఇంట్లో ఒక నిమిషం మాట ఉండదు. గోడ మీద యేసు పటం ఉంటుంది, పెట్టెలో కుల సర్టిఫికెట్ ఉంటుంది. చెప్పే జవాబు పిల్లల చదువు మీద, ఉద్యోగం మీద పడుతుందని భయం. ఆ నిమిషం మౌనం రాయడానికి గడి లేదు.

ఇంకొక్కటి, సగటు. ఇది బడిలో పిల్లలకి చెప్పినట్టే చెబుతాను. ఒక ఊళ్లో ఇరవై ఇళ్లున్నాయి. ఒకాయనకి ఇరవై ఎకరాలు. మిగతా పంతొమ్మిది ఇళ్లకీ ఏమీ లేదు. సగటు ఎంత? ఇంటికి ఎకరం. రిపోర్టులో "ఈ గ్రామంలో సగటు కమతం ఎకరం" అని ఉంటుంది. లెక్క తప్పు కాదు. కానీ ఆ ఎకరం ఏ పంతొమ్మిది ఇళ్లలోనైనా ఉందా? అందుకే సగటు చెప్పేవాణ్ణి కులం వారీగా విడగొట్టి చెప్పమనండి.

పైనుంచి వచ్చిన దర్శనం, కిందనుంచి వచ్చిన తీర్పు

1999లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం "విజన్ 2020" అని ఒక పత్రం తెచ్చింది. మెకిన్సే అనే విదేశీ కన్సల్టెన్సీ కంపెనీ సాయంతో తయారైంది. వ్యవసాయం మీద బతికే జనం వాటా బాగా తగ్గాలని, సాగులో యంత్రాలు, కంపెనీలు రావాలని అందులో ఉంది. తగ్గేవాళ్లు ఎక్కడికి పోవాలి? కోత మిషను వస్తే కొడవలి పట్టే చెయ్యి ఏం చెయ్యాలి? ఇరవై ఏళ్ల బతుకు రాసేముందు ఆ చేతిని ఎవరైనా అడిగారా?

అడగనివాళ్లే తీర్పు చెప్పిన సంగతి ఒకటుంది. 2001 జూన్ ఆఖర్లో మెదక్ జిల్లా జహీరాబాదు దగ్గర అల్గోలు అనే ఊళ్లో "ప్రజాతీర్పు" అని పెట్టారు. కోర్టులో జ్యూరీలాగా సన్నకారు, చిన్న రైతుల్ని కూచోబెట్టారు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, దళితులు, ఆదివాసీలు ఉన్నారు. ప్రభుత్వం వైపువాళ్లు, కంపెనీలవాళ్లు, శాస్త్రవేత్తలు సాక్షుల్లాగా వచ్చి చెప్పుకోవాల్సి వచ్చింది. జ్యూరీ విని, ప్రశ్నలు వేసి, విజన్ 2020లోని వ్యవసాయం మాకొద్దని చెప్పింది. జన్యుమార్పిడి విత్తనాలు, కాంట్రాక్టు సాగు, మన పని తీసేసే యంత్రాలు వద్దంది. మన విత్తనం, మన తిండి మన చేతిలో ఉండాలంది. ఆ తీర్పు మీద లండన్‌లో కూడా గొడవైంది, ఎందుకంటే మన రాష్ట్రానికి సాయం చేస్తున్న బ్రిటిష్ ప్రభుత్వ శాఖకి అది నచ్చలేదు. పద్ధతి సరిగా లేదన్నారు. మెకిన్సే పద్ధతి సరిగా ఉందా అని ఎవరూ అడగలేదు.

ఇక మన సొంత గడ్డ. 2011 సార్వాకి కోనసీమలో రైతులు పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు లేదన్నారు, ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. సరే. ఆ సార్వాలో ఊడ్పులు లేవు, కలుపు లేదు, కోత లేదు. మన ఆడవాళ్లు పోగొట్టుకున్న పనిదినాలు ఎన్ని? ఈ మీటింగులో ఒక్క పేట నుంచైనా చెప్పగలరా? చెప్పలేం. మనం రాసుకోలేదు. మనం రాసుకోనిది కమిటీకి ఎలా తెలుస్తుంది?

మన పెద్దలు కాగితాన్ని వదల్లేదు

"పోరాటం చెయ్యాలిగాని ఈ లెక్కలేంటమ్మా" అనే అన్నలున్నారు. వాళ్ల మాట నాకు అర్థమవుతుంది. లెక్కలు చెప్పి ఎవరూ భూమి ఇవ్వలేదు. కానీ మన పెద్దలు రెండూ చేశారు. 1882లో జోతిరావు ఫూలే విద్య మీద వేసిన హంటర్ కమిషన్‌కి తన వాదన రాసిచ్చాడు. శూద్రుల, అతిశూద్రుల పన్నుల డబ్బుతో పైకులాల చదువు సాగుతోందని నిలదీశాడు. బాబాసాహెబ్ 1918లోనే చిన్న కమతాల మీద వ్యాసం రాశాడు. 1919లో ఓటుహక్కు మీద సౌత్‌బరో కమిటీ ముందు, రూపాయి సంగతి తేల్చడానికి వచ్చిన హిల్టన్ యంగ్ కమిషన్ ముందు, 1928లో సైమన్ కమిషన్ ముందు సాక్ష్యం చెప్పాడు. మహాడ్ చెరువుకి నడిచిన మనిషీ ఆయనే, పట్టికలు వేసుకుని కమిషన్ ముందు కూచున్న మనిషీ ఆయనే.

మన రాష్ట్రంలో సబ్‌ప్లాన్ చట్టం చూడండి. జనాభా దామాషాలో ఎస్సీలకి బడ్జెట్‌లో వాటా ఇవ్వాలని స్పెషల్ కాంపొనెంట్ ప్లాను 1979–80లోనే వచ్చింది. ముప్పై ఏళ్లు కాగితం మీదే ఉంది. మన డబ్బు ఎటు మళ్లిందో బడ్జెట్ పుస్తకాలు ముందేసుకుని పద్దు పద్దు వెతికినవాళ్లున్నారు. ఎస్.ఆర్. శంకరన్, కాకి మాధవరావు లాంటి అధికారులు, హైదరాబాదులోని దళిత అధ్యయన కేంద్రం, దళిత సంఘాలు, వామపక్షాల సంఘాలు. ఆ అంకెలు కరపత్రాలయ్యాయి, కరపత్రాలు ధర్నాలయ్యాయి, నిరాహార దీక్షలయ్యాయి. 2012 డిసెంబరులో అసెంబ్లీ బిల్లు పాస్ చేసింది, 2013లో చట్టమైంది. జనాభాలో ఎస్సీల వాటా 16.2 శాతమైతే ప్రణాళిక డబ్బులో అంత వాటా అని హక్కుగా వచ్చింది. పదేళ్ల గడువు తీరాక 2023లో మన రాష్ట్రంలో పొడిగించారు. అమలు ఎలా ఉందో వేరే మీటింగు పెట్టుకోవాలి. నేను చెప్పేదేమంటే, లెక్క లేకుండా ఆ ధర్నాకి డిమాండే లేదు, ధర్నా లేకుండా ఆ లెక్కకి విలువే లేదు.

ఢిల్లీలో 2003లో దళిత అధ్యయనాల సంస్థ మొదలైంది. ఒకే చదువు, ఒకే అర్హత, పేరు మాత్రం వేరు. ఇలా దరఖాస్తులు కంపెనీలకి పంపి, దళిత పేరుకి తక్కువ పిలుపులు వస్తున్నాయని 2007లో సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ చూపించారు. ప్రైవేటు కంపెనీల్లో కులం లేదన్న నోళ్లకి అది జవాబు. అంతకుముందు 11 రాష్ట్రాల్లో 565 ఊళ్లు తిరిగి అంటరానితనం ఏ ఏ రూపాల్లో ఉందో ఒక అధ్యయనం చేశారు, 2006లో పుస్తకంగా వచ్చింది. ప్రశ్న మనది అయినప్పుడు జవాబు ఎలా ఉంటుందో చూశారా?

మనం చెయ్యాల్సినవి

ఇప్పుడు పని మాట్లాడుకుందాం. సర్వేకి వచ్చినవాళ్లని తరిమెయ్యమని నేను చెప్పను. వాళ్లలో నాలాంటి ఆడపిల్ల ఎండలో నిలబడి ఉండొచ్చు, మంచినీళ్లివ్వండి. జవాబు చెప్పేముందు అయిదు మాటలు అడగండి.

ఒకటి, మిమ్మల్ని ఎవరు పంపారు, డబ్బు ఎవరిది? రెండు, ఊళ్లో ఎన్ని ఇళ్లు రాస్తారు, మా పేటలో ఎన్ని? మూడు, మాతో మా వీధిలో మాట్లాడండి, పనిలోంచి వచ్చాక సాయంత్రం రండి, కామందు అరుగు మీద మాట్లాడం. నాలుగు, రాసింది మాకు చదివి వినిపించండి. అయిదు, రిపోర్టు తెలుగులో మా పేటకి ఎప్పుడు పంపుతారు?

రెండో పని, ప్రతి పేటకీ ఒక నోటు పుస్తకం. ఇంటర్ చదివిన పిల్ల ఒకతి చాలు. ఇంటికో పేజీ. ఇళ్ల స్థలం పట్టా ఉందా, డి–పట్టా భూమి ఉంటే ఎవరి సాగులో ఉంది, కౌలు ఎకరానికి ఎన్ని బస్తాలు, సార్వాలో దాళ్వాలో ఎన్ని రోజులు పని దొరికింది, ఆడవాళ్లకెంత మగవాళ్లకెంత, అప్పు ఎవరి దగ్గర ఎంత వడ్డీకి, గల్ఫ్‌లో ఎవరున్నారు, స్కాలర్‌షిప్ ఎన్నాళ్లకి వచ్చింది. ఇక్కడ అరటి మార్కెట్లో గెల ధర రోజూ అందరికీ తెలుస్తుంది. ఆ గెల లారీలోకి ఎక్కించే అన్న కూలి ఎంతో ఎవరు రాస్తున్నారు? అది మన పుస్తకంలో ఉండాలి. కౌలు పేజీ, మతం పేజీ బయటికి ఇవ్వకండి. పేర్లు తీసేసి మొత్తం అంకెలే ఇవ్వండి. మన మనిషికి హాని చేసే లెక్క మనకొద్దు. ఆర్నెల్లకోసారి మొత్తాలు గ్రామసభలో చదవండి. పంచాయతీ అంకె వేరేగా ఉంటే 2005 సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి. 2027 జనగణనలో కులం కూడా లెక్కిస్తామని 2025 ఏప్రిల్‌లో కేంద్రం చెప్పింది. జనగణనలో అన్ని కులాల లెక్క ఆఖరిసారి అచ్చయింది 1931లో. గణకుడు వచ్చినప్పుడు పేట పేటంతా ఇంటిదగ్గర ఉండాలి, పనికెళ్లినవాళ్ల ఇళ్లు వదిలిపెట్టకుండా చూడాలి.

మూడో పని చదువుకునే పిల్లలకి. ఇంజనీరింగూ పోలీసు సెలక్షనూ మంచిదే. కొంతమందైనా ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ చదవండి. ఆ సంస్థల్లోకి పోండి. ఫీల్డు మెట్టు దగ్గర ఆగకండి, ప్రశ్నావళి రాసే గదిదాకా పోండి. పోయాక "క్షేత్ర సిబ్బంది" పేర్లు అచ్చు వెయ్యమని అడగండి. ఇంటిపేరు అడిగితే చెప్పండి, దాచకండి. మీరు ఒక్కరే ఉంటే భయమేస్తుంది, ఇద్దరు ముగ్గురు పోండి.

మా బడిలో పిల్లలకి నేను మొదట నేర్పేది వాళ్ల వీధి పటం గియ్యడం. కాలవ, గుడి, చర్చి, కొళాయి, ఎవరి ఇల్లు ఎటు. మొదట గీసినప్పుడు మన పిల్లలు కూడా ఊరినే కాగితం నడుమ గీసి పేటని అంచున పెడతారు. "మీ ఇంటి దగ్గర నుంచి మొదలుపెట్టి గియ్యండి" అంటాను. మీకూ అదే చెబుతున్నాను. వచ్చే నెల మీటింగుకి ఎన్ని పేటల నోటు పుస్తకాలు వస్తాయో చూస్తాను. ఖాళీ చేతుల్తో రాకండి.

జై భీమ్.